తూముకి కట్టిన వల

తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కేసరికి ఉదయం ఏడు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. పెదపాడు దగ్గర మా బావగారు దగ్గరుండి కట్టించిన కొత్త ఫుట్‌బాల్ స్టేడియంలో ఆ సాయంత్రమే మొదటి మ్యాచ్. కిటికీలోంచి పొలాల్లో నీళ్ళు చూస్తుంటే అక్కడ గ్రౌండు ఏమైందోనని భయమేసింది.

బావగారు, అంటే మా అక్క భర్త, చేపల చెరువులు చేసే మనిషి, ఊరి క్లబ్బుకి సెక్రటరీ కూడా. క్లబ్బు పాత గ్రౌండు పల్లంలో ఉండేది. నేను ఆడే రోజుల్లో వానాకాలమంతా మ్యాచ్‌లు ఆగిపోయేవి. అయినా దాన్ని వదలడానికి పెద్దలు ఒప్పుకోలేదు. బావగారు ఇల్లిల్లూ తిరిగి ఒప్పించారు. "కొత్తదాంట్లో నీళ్ళు నిలిస్తే సెక్రటరీ పని మానేస్తానండి" అని అందరి ముందూ అనేశారు. అనవసరంగా మాట ఇవ్వడం ఆయనకి సరదా.

భీమడోలు దాటాక ఎదుటి సీటులో చేపల బుట్టతో ఉన్నావిడ ఎక్కడికని అడిగింది. స్టేడియం సంగతీ, బావగారి సంగతీ చెప్పాను.

"చెరువులోళ్ళు కట్టిందా అండి? నీళ్ళు పట్టి ఉంచడం బాగా తెలుసుగా వాళ్ళకి" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఏలూరు బస్టాండులో ఇడ్లీ తిని పెదపాడు బస్సెక్కాను. మీరూ అక్కడే టిఫిన్ కానివ్వండి, స్టేడియం దగ్గర టీ తప్ప ఏమీ దొరకదు.

గేటు దాటగానే భయపడినంతా కనిపించింది. రంగులు వేసిన గ్యాలరీల మధ్య పచ్చగడ్డి చీలమండల లోతు నీళ్ళలో ఉంది. బావగారు మెట్ల మీద కూలబడ్డారు.

"తూము తెరిచే ఉందయ్యా. అయినా నీళ్ళు కదలట్లేదు. నా పని అయిపోయింది."

మూలనున్న తూము దగ్గరకి వెళ్ళి వంగి చూశాను. దాని నోటికి బిగించి కట్టిన వల, ఆ వల నిండా గడ్డీ బురదా. వలని గుర్తుపట్టాను. పాత గ్రౌండులో గోల్‌పోస్టుకి మేం కట్టుకున్న చేపల వలే అది.

"బావగారూ, ఇది ఎవరు కట్టారండీ?"

ఆయన వచ్చి చూశారు. "నేనే. నిన్న మబ్బు పట్టింది కదయ్యా."

"పడితే?"

"చేపలు పోకుండా..." అని ఆగిపోయారు.

వానొస్తే తూముకి వల కట్టడం చెరువుల వాళ్ళ అలవాటు. ఇన్నేళ్ళ అలవాటు చేతుల్లో ఉండిపోయింది. ఇద్దరం నీళ్ళలో కూర్చుని ముడులు విప్పాం. వల ఊడగానే నీళ్ళు బుడబుడమంటూ కాలవలోకి దూకాయి. మధ్యాహ్నానికి నీళ్ళు పోయి గడ్డి బయటపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. బావగారు మాత్రం ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి వదల్లేదు.

నాలుగింటికి మ్యాచ్ మొదలైంది. మా వాళ్ళు ఓడిపోయారు. బంతి నేల మీద దొర్లుతుంటే చూడ్డమే చాలనుకుని పెద్దలు కూడా చప్పట్లు కొట్టారు.

తిరుగు రైలు దెందులూరు దాటుతుండగా మళ్ళీ వాన అందుకుంది. బావగారికి ఫోన్ చేశాను.

"వల ఎక్కడుందండీ?"

"మీ అక్క పట్టుకుపోయిందయ్యా. పెరట్లో బీరపాదుకి కట్టేసింది."

కిటికీ అద్దం దించి, వాన చప్పుడు వింటూ హాయిగా కళ్ళు మూసుకున్నాను.