కనకరాజు ముక్కు, గోధుమ బీరు

మా బావ కనకరాజు ముక్కు గురించి నేను చెప్పేది నమ్మేవాళ్లు తక్కువ. బర్మాలో, పబేడాన్ పేటలో తన బిర్యానీ కొట్టు ముందు నిలబడి, నది అవతల డలాలో ఎవరింట్లో చేపల పులుసు అడుగంటుతోందో చెప్పేవాడు. నేను పడవెక్కి వెళ్లి చూశాను, ఆ ఇల్లాలు మూకుడు తోముకుంటోంది. బడి ఎనిమిదిలోనే మానేసినవాణ్ని గానీ చూసింది చూసినట్టే చెబుతాను. ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ కూడా.

ఎక్కువ చెప్పనక్కర్లేనిది ఒకటుంది. బావ ఏనాడూ బిర్యానీ రుచి చూడలేదు. దమ్ మీదున్న డేగిసా మూత తెరవకుండా, అంచున పిండి అతికించిన చోట ముక్కు పెట్టి కళ్లు మూసుకునేవాడు. వాసన ‘వినడం’ అనేవాడు దాన్ని. విని, “దించండి” అంటే దించాలి.

రెండువేల ఇరవై ఒకటి వానాకాలపు జ్వరం వాళ్లమ్మను తీసుకుపోయి బావను వదిలింది. అమ్మ పటం ముందు అగరుబత్తి ఆరిపోయిందనుకుని అతను ఇంకొకటి, దాని పక్కన మరొకటి వెలిగిస్తుంటే మా అక్క విజయకు అనుమానం వచ్చింది. గది నిండా పొగే. అతనికి మాత్రం ఏ వాసనా తెలియడం లేదు.

అప్పటినుంచి అక్క ముక్కుతో వంట సాగింది. సంచౌంగ్‌లో ఒక పెళ్లినాడు అక్కకు జలుబు చేసింది. బిర్యానీ అడుగు మాడింది, బావ తెలియక వడ్డించాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు, సగం తిని చేతులు కడుక్కున్నారు. తిట్టి ఉంటే బాగుండేదని బావ తర్వాత నాతో అన్నాడు.

డాక్టర్లు ఓపిక పట్టమన్నారు. ఇంట్లో నిమ్మకాయ, సోంపు పట్టుకెళ్లి వాసన చూపిస్తే అన్నిటికీ వస్తోందనేవాడు.

“అబద్దం. ఏటి తెచ్చినారో తెలిస్తే సాలు, వచ్చినట్టే ఉంటాది నాకు” అని మళ్లీ తనే అనేవాడు.

మీరు తెలివైనవాళ్లు, కళ్లకు గంత కట్టమంటారు. కట్టాం. అక్క గాజుల చప్పుడును బట్టి ఏ డబ్బా తెరిచిందో చెప్పేశాడు. ఏళ్ల తరబడి కాపురం అలా ఉంటుంది.

ఆ రోజుల్లోనే ఓడలో పనిచేసే అతని చిన్ననాటి స్నేహితుడు బలరాం ఫోన్ చేశాడు. జర్మనీ రేవులో తాగిన బీరు గురించి మొదలెట్టాడు. “నల్లగా డికాషన్‌లాగుంటాదిరా. గోదుమ బీరు. అరటిపండు వాసన! తొక్క కూడా ఏయర్రా అందులో, ఒట్టు.”

బావ ఆ మాట పట్టుకున్నాడు. పండు లేని చోట పండు వాసన. అక్క గాజులకు అందని వాసన. “అదే సేస్తాను ఇంట్లో. తెలిసిందా, నా ముక్కు బతికినట్టు. తెలీలేదా, డేగిసాలు అమ్మేస్తాను” అన్నాడు. డేగిసాల మీద అతను హాస్యాలాడే మనిషి కాదు.

బ్యాంకాక్ నుంచి సరుకు తెప్పించింది అతని కూతురు తార. మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు, చేదు పువ్వు, పులియబెట్టే ఈస్టు, అన్నీ ఒకే పెట్టెలో వచ్చాయి. గింజల్ని బిర్యానీ డేగిసాలోనే నానబెట్టి, వడకట్టి, ఆ నీళ్లను పువ్వు వేసి మరిగించాడు. ఈస్టు కలిపి బకెట్టుకు మూతపెట్టి స్నానాలగదిలో ఉంచాడు. కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. ఎండకు బకెట్టు వేడెక్కకుండా తడి గోనెసంచి చుట్టి, ఇంట్లోవాళ్లమంతా వంతులేసుకుని నీళ్లు చల్లాం. నా వంతులో ఆ బకెట్టు గురకపెట్టింది, నిజం.

సీసాల్లో పట్టి, నురగ కట్టాక గ్లాసులో పోశాడు. విన్నాడు. చాలాసేపు విన్నాడు.

“నీకొస్తందా?” తారను అడిగాడు.

“వస్తంది నాన్నా. మంచి అరటిపండు!” అందా పిల్ల, తండ్రి కష్టం వృథా పోకూడదని.

బావ గ్లాసు దించాడు. అందరికీ వస్తోంది, తనకే రాలేదు. పాత్రల బేరగాణ్ని రమ్మని ఫోన్ చేసి, డేగిసాలు తోముకుంటూ కూర్చున్నాడు. అక్క పక్కనే కూర్చుని బూడిద అందించింది.

మిగిలింది నేను తాగాను. “ఏదే అరటిపండు? ఒట్టి చేదు గదే!” అన్నాను.

తార ఏడ్చేసింది. “నాక్కూడా రానేదు మావయ్యా.”

బలరాంకు పెట్టె ఫోటో పంపాం. అవతలినుంచి అరిచాడు. “గోదుమరంగు బీరు తెచ్చినావేటే అమ్మా! రంగు కాదే, గోదుమలు! జోన్, జోన్!”

“గోధుమ అంటే కలర్ కద, మామా?” అంది తార ఫోన్‌లోనే.

తప్పు పిల్లది కాదు. మా ఇళ్లలో పిండి ఆటా, బజారులో గోధుమలు బర్మా మాటలో జోన్. గోధుమ అనే మాట అది గుడిలో ఆదివారం తెలుగు క్లాసులో రంగుల పాఠంలోనే విన్నది. ఆ రంగు పేరుతోనే బీరు సరుకు అడిగింది.

బావ తోముతున్న డేగిసా పక్కన పెట్టాడు. బేరగాణ్ని ఆగమన్నాడు. “ఇంకొక్కపాలి. ఈసారి నేను సెప్పేదాకా ఎవులూ నోరు తెరవొద్దు.”

రెండోసారి నల్ల గోధుమ బీరు సరుకు, దాని ఈస్టు వచ్చాయి. మళ్లీ మరిగించడం, మళ్లీ తడి గోనె. సీసా తెరవగానే తార నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క ముఖం గోడకేసి తిప్పుకుంది. పండి మచ్చలు పడ్డ అరటిగెల గదిలోకి నడిచొచ్చినట్టుంది. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

బావ కళ్లు మూసుకుని గ్లాసు మీదికి వంగాడు.

“అరటిపండు లేదు” అన్నాడు చివరికి.

అక్క లేచింది. తను తోముడు పీచు వెతకడానికే లేచిందని నాకు తెలుసు. బావ మాత్రం గ్లాసు వదల్లేదు. నుదురు ముడిపడింది. ఇంకోసారి వంగాడు.

“లవంగం ఎవులేసినారు?”

“ఎవులేస్తారు? పోపులడబ్బా ముట్టనేదు” అంది అక్క.

“ఏసినారు. గాటు కొడతంది. సూరిగా, నువ్వేనా?”

నేను తల అడ్డంగా ఊపాను. తార బలరాంకు ఫోన్ కలిపింది. “లవంగమా? ఆ, అదీ వస్తాది. ఏయకుండానే. సెప్పనేదా నేను?” అన్నాడతను.

ఆ మాట బావ చెవిన పడలేదు. అంత లవంగం దట్టిస్తే బిర్యానీ ఏమవుతాదని, ఇంట్లో ఒక్కరికీ చెయ్యి కొలత తెలీదని కేకలేస్తున్నాడు. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆ తిట్లన్నీ కదలకుండా నిలబడి వింది.