దొర బండి మీది నల్లద్దాలు

మా నాయన చర్చి ఆవరణకు కావలివాడు. ఆ పని వల్లే ఆవరణ వెనుక వరుసలో మాకొక పెంకుటిల్లు దక్కింది. డెబ్బైల చివర్లో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మా ఇంటి వెనుక ఖాళీ జాగాలోకి ఇల్లులాంటి మోటారు బండి ఒకటి వచ్చి ఆగింది. లోపల మంచం, పొయ్యి, బట్టల బీరువా అన్నీ ఉన్నాయి. విదేశం నుంచి వచ్చిన దొర, దొరసానిల కాపురం అందులోనే. చేగుంట, రామాయంపేట చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు పాడే పాటలను దొరసాని టేపు రికార్డరులో పట్టుకునేది. పొద్దున్నే అడిగి తెచ్చుకున్న జీపులో పోయేవారు, సాయంత్రానికి వచ్చేవారు.

మాకు వింతగా తోచింది బండి కాదు, దాని కరెంటు. స్తంభం నుంచి తీగ లేదు. అయినా సాయంత్రం కాగానే బండిలో తెల్లటి దీపం వెలిగేది, చిన్న ఫ్యాను తిరిగేది, టేపు రికార్డరు పాడేది.

"తీగ లేకుంట కరెంటెట్ల వస్తదే? గది పాటల బండి కాదు. మన ముచ్చట్లన్ని దేశం దాటిస్తున్నరు," అంది పక్కింటి పెద్దమ్మ. అప్పటి నుంచి మా వరుసలోని ఆడవాళ్లు బండి పక్కగా పోయేటప్పుడు గొంతు తగ్గించేవారు. నేనెలాగూ గట్టిగా మాట్లాడను కనుక నాకు తేడా తెలియలేదు.

పగలు బండిని చూసుకోమని దొర నాయనకు తాళం చెవి ఇచ్చాడు. ఇంగ్లీషు పుస్తకాలు చదువుతానని, దొర మాటలు నాయనకు చెప్పేందుకు నన్ను పిలిపించారు. చదవడం వచ్చు కానీ మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. బండి కప్పు మీదున్న రెండు నల్లటి అద్దపు పలకలను చూపించి దొర చాలాసేపు చెప్పాడు. నాకు అందినది కొంచెం. మళ్లీ చెప్పమని అడగలేక, "ఎండ తగిలితే చాలట నాయనా. పొద్దంతా కరెంటు తయారయి బ్యాటరీలో నిలవ ఉంటదట," అన్నాను.

మొదటి వారం అంతా బాగుంది. రెండో వారం నుంచి దీపం మసకబారింది. టేపు రికార్డరులో పాట కల్లు తాగినవాడి మాటలా సాగసాగింది. దొర తీగలన్నీ విప్పి చూశాడు. తప్పు దొరకలేదు. పగటిపూట ఎవరో కరెంటు వాడుకుంటున్నారని చర్చి కమిటీ పెద్దతో అన్నాడు. తాళం చెవి నాయన దగ్గరే ఉంది. శుక్రవారం నాడు ఆ పెద్ద వచ్చి, "ఆదివారం ఆరాధన అయినంక ఎవరో చెప్పు. లేకుంటె ఇంకో కావలివాన్ని చూసుకుంటం," అని పోయాడు. పని పోతే ఇల్లూ పోతుంది.

నాయన అనుమానం మా మేనమామ మీద పడింది. మామకు బజారులో మైకుసెట్ల దుకాణం. అది పెళ్లిళ్ల కాలం, మైకు బ్యాటరీలు రోజూ నింపుకోవాల్సిందే. రోజూ మధ్యాహ్నం అన్నానికి మా ఇంటికే వచ్చేవాడు. బండి వచ్చిన కొత్తలో, "బావా, గీ బండి జర నాకిప్పియ్యి. ఏ పెండ్లిల నా మైకు ఆగదు," అని నవ్వాడు. ఆ మాట ఇప్పుడు నాయనకు వేరేలా వినిపించింది.

"మీ మామ ఎన్నింటికొస్తుండు, ఎన్నింటికి పోతుండు, నీకెరుకేనా?" అని నన్నడిగాడు.

నాకు తెలుసు. నాకు కూడా అనుమానం వచ్చి రెండు వారాలుగా డైరీలో రాస్తున్నాను. తెచ్చి చదివి వినిపించాను. ఒంటిగంటకు రాక. మూడింటికి పోక. ఒకనాడు పెరటి దారిన పోయాడు. నాయన తల ఊపుతూ విన్నాడు. ఆ రోజు మామ వస్తే, నాయన గుమ్మంలోనే, "నాల్గు దినాలు రాకు బావా," అన్నాడు. మామ చెప్పులు విడిచినవాడు మళ్లీ తొడుక్కుని పోయాడు.

శనివారం పొద్దున డైరీ మళ్లీ తిరగేశాను. ప్రతి సాయంత్రం దీపం ఎలా ఉందో కూడా రాసుకున్నాను. మసక, మసక, మసక. ఆదివారం: బాగుంది. తర్వాతి ఆదివారం కూడా బాగుంది. కానీ ఆదివారాలే మామ మా ఇంట్లో ఎక్కువసేపు ఉండేది. మరి ఆదివారం మా ఆవరణలో జరగనిదేమిటి? పని. ఆనాడు ఎవరూ బట్టలు ఉతకరు, పిండి రుబ్బరు, వడియాలు పెట్టరు.

వడియాలు! మా పెంకుటిళ్లకు మిద్దె లేదు. నేల మీద పెడితే మేకలు వదలవు. బండి వెనుక నిచ్చెన ఉంది, కప్పు మీద నున్నటి అద్దాలున్నాయి. రెండో వారం నుంచి అమ్మ పాత చీర పరిచి వాటి మీదే పెట్టేది. దొర వచ్చేలోగా తీసేది. చాట అందించింది నేనే.

పెరట్లోకి పోయేసరికి అమ్మ నిచ్చెన ఎక్కబోతోంది.

"అమ్మా, ఇయ్యాల పెట్టకు. గా చీరతోనే కరెంటు పోతున్నదేమో."

"చీర కరెంటు తాగుతదా? చీర కింద చెయ్యి పెట్టి చూడు, అద్దం పెనం లెక్క కాలుతది. ఎండ తగుల్తలేదంటవా?"

నేనూ వేడి చాలనే అనుకున్నాను. నిచ్చెన పట్టుకుని, "రేపు నాయన మామ పేరు చెప్తడు," అన్నాను.

అమ్మ ఆగింది. "మా అన్న పేరా?" అంది. చాట ఇంట్లోకి తీసుకుపోయింది.

సాయంత్రం దొర జీపు దిగేసరికి నాయనకు అంతా చెప్పాను. ఆయన అమ్మనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మామను కాపాడనీకె తల్లీబిడ్డలు కలిసి అల్లిన కథ కాదు గద?"

చెప్పి లాభం లేదనిపించింది. దొర దగ్గరికి పోయి, నేల చూస్తూ, ఇంగ్లీషులో అడిగాను: అద్దం మీద బట్ట పరిస్తే ఏమవుతుంది? నేను నోరు తెరిచి అడిగిన మొదటి ఇంగ్లీషు ప్రశ్న అదే. దొర నన్నూ నాయననూ లోపలున్న కరెంటు మీటరు ముందు నిలబెట్టి, తాను నిచ్చెన ఎక్కాడు. ఇంకా ఎండ ఉంది. తన కోటు విప్పి అద్దాల మీద కప్పగానే మీటరు ముల్లు పడిపోయింది. తీయగానే లేచింది. కప్పాడు, పడింది. నాయన మీటరు వెనక్కి తొంగి చూశాడు, అక్కడ ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు.

ఆదివారం ఆయన కమిటీ ముందు నిలబడి, "దొంగ లేడండి. తెల్వక మా ఇంట్లనే తప్పు జరిగింది," అన్నాడు. పెద్దలు కొంతసేపు నవ్వారు. పని నిలిచింది.

సోమవారం నాయన నన్ను వెంటబెట్టుకుని మామ దుకాణానికి పోయాడు. మామ మైకు బూర తుడుస్తూ తల ఎత్తలేదు.

"మతి తప్పింది బావా. అన్నానికి రా," అన్నాడు నాయన.

"వస్త. గని ఒక్కటి చెప్పు. నేను పెరటి దారిన పోయింది సుత నీకెరుకైందని చెల్లె అన్నది. గా దినం నువ్వు గేటుకాడ ఉంటివి. ఎవరు చెప్పిన్రు?"

నేను నాయన వెనక్కి జరిగాను. నాయన నా వైపు చూడలేదు.

"నేనే చూసిన," అన్నాడు.

మామ సరేనన్నాడు. కానీ బూర తుడిచే గుడ్డ ఆగింది. ఆయన చూపు నాయన మీద నుంచి నా మీదికి జరిగి, అక్కడే చాలాసేపు ఉండిపోయింది.