రాలిన మామిడిపూత

ప్రార్థన క్యాంపని నిన్న మా కేజీఎఫ్ సంఘం యువకులతో గౌనిపల్లి మామిడితోటకు వెళ్లాను. ప్రార్థనకని అడిగితే తోట ఊరికే ఇచ్చింది అక్కడి రైతమ్మ. కొమ్మలకు హ్యామక్‌లు, అంటే గుడ్డ ఉయ్యాలలు, కట్టుకుని పడుకున్నాం. తెల్లవారుజామున, గడ్డకట్టించే చలికి ఆగలేక, ఒళ్లు వేడెక్కాలని అందరూ ఊగడం మొదలుపెట్టారు.

"ఈ చలికే ఓర్వలేనివాళ్లు శ్రమలకేం ఓరుస్తారు?" అని నేను వాక్యం తెరిచి గద్దిస్తుండగా ఆమె వచ్చింది. హ్యామక్‌ల కింద నేలంతా పూత.

"మంచుకే సగం పోయిండాది. మిగిలింది మీరు ఊపి రాల్చినారు కదప్పా!"

"పూలే కదా ఆంటీ, మళ్లీ పూస్తాయి" అని నవ్వాడు మావాడొకడు.

"ఇంగ వచ్చే ఏడేనప్పా. అంతవరకూ మేమేం తినాల?"

తెరిచిన బైబిలు మూసి హ్యామక్‌లు విప్పించాను. మేము ఇల్లు చేరకముందే మావాళ్లు ఫొటోలు పెట్టేశారు, 'దేవుని సృష్టిలో ఒక రాత్రి' అని. లైకు కొట్టిన విశ్వాసులారా, ఆమెకేం జవాబివ్వాలో మీరైనా చెప్పండి.