పసుపంటిన మూలలు

ఈ ఉదయం రాజోలులోని మా దుకాణంలో, సముద్రాల అవతలికి వెళ్ళవలసిన లేసు బట్టల కట్ట విప్పగానే పసుపు వాసన గుప్పుమంది. చూద్దును కదా, ప్రతి బట్ట మూలనా పసుపు బొట్టు! ఇంటి దగ్గరే అతికి పంపేలా కొత్తగా పనిలో చేరిన, సఖినేటిపల్లిలో ఒకరింటి కోడలు పెట్టింది. నా దగ్గర పనిచేసే పద్మ "అయ్యో, కొంప మునిగిందండీ!" అంటూ గుండెలు బాదుకుంది. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నాకీ పని నేర్పిన మంగతాయారుగారు కళ్ళముందు నిలబడ్డారు.

తొంభైలనాటి మాట. మా వైపు ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని లేసు అల్లుతారు. కొందరు పువ్వులు అల్లితే, ఇంకొకరు వాటిని కలిపి బట్టగా చేస్తారు. దాన్నే అతుకుపని అంటాం. ఆ రోజుల్లో అల్లినదంతా షావుకార్ల చేతికి చేరేది, వాళ్ళు చెప్పిందే ధర. భర్త పోయాక మంగతాయారుగారు తన ఇంటి ముందుగదిలో ఒక లేసు కేంద్రం పెట్టారు. ఇంగ్లండులో ఎవరో ఒకావిడ, చేసినవాళ్ళకి న్యాయమైన ధర ఇచ్చే దుకాణం నడుపుతోందని తెలుసుకుని, ఆవిడకి నేరుగా పంపాలని పట్టుబట్టారు. అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన నేను ఇంగ్లీషు ఉత్తరాలు రాయడానికి కుదిరాను.

మాది కొబ్బరితోటల ఇల్లు. పైకి దర్జా, లోపల నడిచేది అమ్మ సూది మీదే. అతుకుపనిలో అమ్మని మించినవాళ్ళు లేరు. కానీ ఎవరైనా గుమ్మంలోకి వస్తే చాలు, సూదీ దారం బియ్యం డబ్బాలోకి వెళ్ళిపోయేవి. "మనింటి ఆడవాళ్ళు కూలికి అల్లుతున్నారంటే ఇంకేముంది?" అనేవారు నాన్నగారు, ఆ కూలితో కొన్న కాఫీపొడితో కాఫీ తాగుతూనే. పువ్వులు నేనే సంచిలో పెట్టి తెచ్చి, బట్టలయ్యాక తీసుకెళ్ళేదాన్ని.

ఆ మొదటి ఆర్డరు టేబుల్ మీద పరిచే బట్టలు. అవి క్రిస్మస్‌కి ముందే అక్కడికి చేరాలి. చేరకపోతే ఆ దుకాణం మళ్ళీ మమ్మల్ని అడగదు, మా వాళ్ళంతా మళ్ళీ షావుకారు గుమ్మంలో నిలబడాలి. మర్నాడు సాయంత్రం పార్సిలు పంపాలనగా, అమ్మ కట్టి ఇచ్చిన మూట మంగతాయారుగారి ముందు విప్పాను. తెల్లటి బట్టలన్నిటికీ మూలన పసుపు! కొత్తబట్ట పసుపు పెట్టకుండా పరాయివాళ్ళ చేతికి ఎలా ఇస్తామని అమ్మ ఉద్దేశం. ఒకామె గాభరాగా ఒకదానికి సబ్బు రాసింది. మరక కాస్తా ఎర్రబడింది.

"ఆపండి తల్లీ," అన్నారు మంగతాయారుగారు. మరక కేసి కాసేపు చూసి నవ్వేశారు. "మీ అమ్మగారు ఆ దొరసానికి బట్టలు పెట్టేరమ్మాయ్! మూల పువ్వులు విప్పేసి కొత్తవి అతికేద్దాం. అల్లింది అల్లినట్టు అతకాలంటే రేపు మీ అమ్మగారే ఇక్కడికొచ్చి కూర్చోవాలి."

"అమ్మ రాదండీ. నాన్నగారు రానివ్వరు."

ఆవిడ చెప్పులేసుకుని తిన్నగా మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని, "అన్నయ్యగారూ, మా దగ్గర పని చెడిందండీ. సరిచేసే చెయ్యి వదినగారిదొక్కటే. రేపొక్కరోజు పంపాలి మీరు," అన్నారు.

"పనికా అండీ?" నాన్నగారి ముఖం మాడింది.

"ఆయ్, పనికేనండీ. పేరంటానికని అబద్ధమాడి తీసుకెళ్ళలేను."

"నలుగురూ ఏమనుకుంటారండీ?"

"నేనొచ్చి బతిమాలేనని ఆ నలుగురికీ నేనే చెప్తాను."

తలుపు వెనక నిలబడి అమ్మ అంతా వింటోంది. పసుపు మాట ఎక్కడ బయటపడుతుందోనని నా భయం. మంగతాయారుగారు ఆ ఊసే ఎత్తలేదు. నాన్నగారు కండువా తీసి దులిపి, మళ్ళీ వేసుకుని, "ఇంత పెద్దావిడ అడిగేరు, వెళ్ళిరా," అన్నారు లోపలికి చూడకుండా.

మర్నాడు పట్టపగలు, రోడ్డు మీద, మంగతాయారుగారి పక్కన అమ్మ నడిచి వెళ్ళింది. వసారాలో చాపల మీద ఆడవాళ్ళంతా కొత్త పువ్వులు అల్లుతుంటే, అమ్మ ఒక్కొక్కటీ అతికింది. మొదట తలెత్తలేదు. మధ్యాహ్నానికి పక్కావిడ అతుకు చూసి, "ఇదేం పనమ్మా, ఇలా ఇవ్వు," అని లాక్కుంది. సాయంత్రానికి పార్సిలు వెళ్ళింది. ఆ తరవాత అమ్మ ఇంట్లో కూర్చోలేదు. చూపు తగ్గేదాకా ఆ వసారాలోనే అతుకుపని నేర్పింది. వానాకాలంలో నాన్నగారే గొడుగు పట్టి దింపి వెళ్ళేవారు, తనకి అటు వేరే పనున్నట్టు!

విప్పిన పసుపు పువ్వుల్ని మంగతాయారుగారు పారెయ్యలేదు. అమ్మ చేతే ఒక చిన్న బట్టగా అతికించారు. ఇప్పుడది మా దుకాణం బల్ల మీద ఉంది. అడిగినవాళ్ళందరికీ అమ్మేది కాదని చెబుతాను.

"ఆ రోజు అమ్మే పసుపు పెట్టిందని ఎందుకు చెప్పలేదండీ?" అని చాలా ఏళ్ళకి అడిగాను.

"చెప్తే మీ నాన్నగారు నాకు క్షమాపణ చెప్పుకునేవారమ్మాయ్. మీ అమ్మని మాత్రం పంపేవారు కాదు."

మంగతాయారుగారు పోయారు. నేనీ పనిలో నిలబడ్డానంటే ఆవిడ చలవే. ఒకరి తప్పుని మన అవసరంగా మార్చుకుని వాళ్ళ గుమ్మం ఎక్కడం ఆ తల్లి దగ్గరే చూశాను.

"ఆ సఖినేటిపల్లి అమ్మాయికి ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెట్టనాండీ?" అని అడుగుతోంది పద్మ. వద్దన్నాను. ఆ పిల్ల కూడా గడప దాటదు. వాళ్ళ మామగారు మహా గట్టిమనిషిట. ఉండనీ. చెప్పులేసుకున్నాను. వెళ్ళి ఆయన అరుగు మీద కూర్చుని, "బాబాయిగారూ, మా దగ్గర పని చెడిందండీ," అని మొదలుపెడతాను.