ఒక్క జత అక్షరాలు

పలాసలో ఆగిన పాసింజరు రైల్లో ఎదురు సీటమ్మాయి కాగితం మీద మెలికలు తిరిగిన బొమ్మ గీస్తోంది. అదేమిటని అడిగాను. పత్రికల్లో పనిచేసినవాడి అలవాటు.

“బాక్టీరియాలో టీఆర్‌ఎన్‌ఏ, మావయ్యా. ప్రోటీన్ కట్టడానికి అమైనో ఆమ్లాల్ని మోస్తాది. దేనికి ఏ ఆమ్లం ఎక్కించాలో, ఆ ఎక్కించే ఎంజైముకెలా తెలుస్తాదన్నదే నా పరిశోధన.”

“ఎలా తెలుస్తుంది?”

“మా ఊళ్లో వలలన్నీ ఒక్కలాగే ఉంటాయి. బెండుకి కట్టిన గుడ్డ రంగు సూసి ఇది ఫలానావోళ్లదంటారు. ఇదీ అంతే. ఒక టీఆర్‌ఎన్‌ఏకి దాని గొలుసులో ఒక్క జత రసాయన అక్షరాలే గుర్తు. ఆ జతని తీసుకెళ్లి ఇంకోదాన్లో పెడితే, ఎంజైము మోసపోయి దానికీ ఇదే ఆమ్లం ఎక్కించేత్తాది,” అని నవ్వింది.

కిడ్నీ జబ్బుకేమైనా పనికొస్తుందా అన్నాను. ఇంటింటా ఆ జబ్బున్న మా ఉద్దానంలో ఏ పరిశోధకుడు కనిపించినా మేమందరం అడిగే మాటే. ఆమె నవ్వు ఆగిపోయింది.

“రాదు. మా నాన్న డయాలిసిస్ మీద ఉన్నాడు. కూతురు మందు కనిపెడతందని ఊరంతా సెప్పుకున్నాడు. ఇన్నాళ్లూ నేను కాదన్లేదు. ఈయేల సెప్పేయమంటారా?”

“నిజం దాచకూడదమ్మా,” అన్నాను, ఆలోచించకుండా.

తర్వాతి స్టేషన్ సుమ్మాదేవిలో దిగింది. చేతికి డయాలిసిస్ కట్టుతో ఒక బక్కపలచటి మనిషి ఎదురొచ్చి ఆమె సంచి లాక్కున్నాడు. “ఒరే, మా డాక్టరమ్మొచ్చింది. ఇంక మనకేటి బయం?” అన్నాడు పక్కవాడితో.

ఆమె నా కిటికీ వైపొకసారి చూసి, “నాన్నా, నీకో మాట సెప్పాల,” అంది. ఆయన నవ్వుతూనే ఆమె వైపు తిరిగాడు.

ముప్పయ్యేళ్లు నిజాలు రాశాను గానీ, అవి విన్నవాళ్ల ముఖాలు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజూ చూడలేదు. రైలు కదిలిపోయింది.