గంగులప్పగారి పేరు పక్కన రాసిన మాట

నిన్న మధ్యాహ్నం మహదేవపురలో మా అపార్ట్‌మెంట్‌కి కరెంటు పోయి జనరేటర్ మొదలైంది. బాల్కనీలోకి డీజిల్ పొగ కొట్టింది. పక్కింటావిడ ముక్కు మూసుకుని తలుపు వేసుకుంది. నేను అక్కడే నిలబడ్డాను. రైల్వే డీజిల్ షెడ్డులో పదమూడేళ్లు ఆ వాసనలోనే అన్నం తిన్నదాన్ని. అది తగిలితే నాకు గంగులప్పగారు గుర్తొస్తారు, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. తీపి జ్ఞాపకం కోసం చదివేవాళ్లకు ముందే చెబుతున్నాను, ఇది అలాంటిది కాదు.

నేను ఫిట్టర్‌గా చేరేనాటికి ఆయన మా సెక్షన్‌కి మేస్త్రీ. తాతల నాటి నుంచీ ఇక్కడికి దగ్గర్లోని వర్తూరులో, కన్నడవాళ్ల మధ్య స్థిరపడ్డ తెలుగు కుటుంబం. మా చేతికింద ఉండేవి డబ్ల్యూడీజీ-4 రకం ఇంజన్లు. డీజిల్‌తో కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో చక్రాలు తిప్పుకుంటూ గూడ్సు బండ్లు లాగే భారీ ఇంజన్లవి. ఆడపిల్ల స్పానర్ పడితే చూడ్డానికి షెడ్డంతా పోగైన మొదటి రోజున ఆయన అందరినీ ఒక్క కసురు కసిరారు. "ఏమప్పా, మీకేం పని లేదా? ఆ పాప పని నేర్చుకునేకి వచ్చిండాది, సుమ్నే, గమ్మున పోండి!" తర్వాత నావైపు తిరిగి, అదే కోపంతో, "నువ్వు గాజులు తీసి పెట్టు, చెయ్యి పోతాది" అన్నారు.

ఆయన నేర్పిన మొదటి పని ఇంజన్ స్టార్ట్ చేయడం కాదు, చేయకుండా ఆగడం. చాలాసేపు ఆగి ఉన్న ఇంజన్‌లో ఏదో ఒక సిలిండర్‌లోకి నీళ్లు కారి ఉండవచ్చు. అది చూడకుండా స్టార్ట్ చేస్తే నీళ్లు అణగవు, లోపలి ఉక్కు కడ్డీ వంగిపోతుంది. అందుకని పదహారు సిలిండర్ల టెస్ట్ వాల్వులూ విప్పి, ఇంజన్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పాలి. ఒక్కో వాల్వు ముందూ ఆయన తెల్లటి పాత పంచె గుడ్డ పట్టుకునేవారు. గుడ్డ తడిస్తే ఇంజన్ కదలదు. గుడ్డ పొడిగానే ఉంటే రిజిస్టర్‌లో "చూసినాను" అని రాసి సంతకం పెట్టేవారు. "టిక్కు కొడితే చాలు కదా సార్?" అని ఒకసారి అడిగాను. "టిక్కు ఎవురైనా కొడ్తారు పాపా. చూసినోడే చూసినానని రాయాల" అన్నారు.

మనవరాలి నామకరణానికి ఆయన ఒక్క రోజు సెలవు పెట్టారు. ఆ ఉదయం మా ఆఫీసర్ హడావిడిగా వచ్చాడు. విజయవాడ వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి. "గూడ్స్ రెడీగా ఉంది, ఇంజన్ లేట్ అంటే నా మీదకొస్తుంది. వాల్వ్స్ తర్వాత చూద్దాం. రిజిస్టర్‌లో రాసేసి స్టార్ట్ చేయించు" అన్నాడు. సార్ ఊరుకోరని గొణిగాను. "ఇక్కడ సార్ నేనా, ఆయనా?" అన్నాడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "చూశాను" అని రాసి సంతకం పెట్టాను. స్టార్ట్ బటన్ నొక్కిన మరుక్షణం లోపల దభీమని మోగింది. ఒక సిలిండర్‌లో నీళ్లున్నాయి. కడ్డీ వంగి, ఇంజన్ గోడ పగిలింది.

విచారణలో ఏం తేల్చారో తెలుసా? గంగులప్పగారి సెలవు కాగితం ఆఫీసులో దొరకలేదట. కాబట్టి ఆయన చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టారట. కింది వాళ్లకు పని సరిగా నేర్పలేదట! ఆ కాగితం మీద ఆ ఆఫీసర్ సంతకం పెడుతుంటే నేను కళ్లారా చూశాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడమే మేలనుకున్నాను. ఆఫీసర్ మీద నాకెంత కోపమో, ఆ రోజుల నాటి నా మీద నాకు అంతే కోపం.

పది రోజులకు వర్తూరులో వాళ్లింటికి వెళ్లి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. "ఇంజన్ పోతే ఇంకోటి వస్తాది. చూడకుండా చూసినానని రాస్తివే, అది ఎట్ల వాపసు వస్తాది? ఏడ్చేది చాలు, పోయి నిజం రాయి" అన్నారు. మర్నాడే రాసి తీసుకెళ్లాను. ఆఫీసర్ చదివి, మడిచి నా చేతిలోనే పెట్టాడు. "రిపోర్ట్ పైకి వెళ్లిపోయింది. నీ కెరీర్ గురించి ఆలోచించుకో." ఆలోచించుకున్నాను. ఆ కాగితం నా బీరువాలోనే ఉండిపోయింది.

మా షెడ్డులో ఎవరు రిటైరైనా చివరి రోజున దండ వేసి, ఇంజన్ క్యాబిన్‌లో కూర్చోబెట్టి యార్డులో ఒక చుట్టు తిప్పుతారు. మచ్చ పడ్డ మనిషని గంగులప్పగారికి అది కూడా చేయలేదు. ముప్పై ఏడేళ్లు పని చేసిన మనిషి టిఫిన్ క్యారియర్ పట్టుకుని గేటు దాకా నడిచి, బస్సెక్కి వెళ్లిపోయారు. గేటు దాకా వెళ్లింది నేనొక్కదాన్నే.

ఆనాడు పగిలి, తర్వాత బాగై ఇన్నాళ్లూ నడిచిన అదే ఇంజన్‌కి పోయిన నెల వీడ్కోలు సభ చేశారు. లైన్లన్నీ కరెంటువి అయ్యాయి, దాని అవసరం తీరింది. దానికి బంతిపూల దండలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయ! ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఆ ఆఫీసరే, ఇప్పుడు చాలా పెద్ద ఆఫీసర్. "ఈ ఇంజన్‌ని మేము బిడ్డలా చూసుకున్నాం" అని మైకులో గొంతు వణికించాడు. నాకు అక్కడే చెప్పు తీయాలనిపించింది.

సభ తర్వాత ఆ ఇంజన్ చరిత్ర పుస్తకాన్ని ముగించి సంతకం చేయడం సెక్షన్ ఇన్‌ఛార్జిగా నా పని. పేజీలు తిప్పాను. ఆ నాటి ప్రమాదం దగ్గర ఎర్ర సిరాతో గంగులప్పగారి పేరు, పక్కన "నిర్లక్ష్యం" అని ఉంది. ఆ మాట కొట్టేశాను. కింద రాశాను: "ఆయన ఆ రోజు మంజూరైన సెలవులో ఉన్నారు. వాల్వులు విప్పలేదు. విప్పవద్దని ఆఫీసర్ చెప్పారు. విప్పి చూశానని అబద్ధం రాసింది నేను." పూర్తి పేరుతో సంతకం పెట్టాను. నాలుగో రోజున నాకు ఛార్జిషీటు వచ్చింది. రికార్డు పాడు చేశానట!

ఆ పేజీ ఫొటో తీసుకుని వర్తూరు వెళ్లాను. ఆయనకిప్పుడు చూపు తక్కువ. ఫోన్ కళ్ల దగ్గరగా పెట్టుకుని, వేలితో పెద్దది చేసుకుంటూ, ఒక్కో అక్షరం చదివారు. నా సంతకం దగ్గర చాలాసేపు ఆగారు.

"ఇది చూసి రాసినావా?" అన్నారు.

"చూసే రాశాను సార్."

"అట్లయితే సరే" అని ఫోన్ తిరిగి ఇచ్చి, కాఫీ పెట్టమని లోపలికి కేకేశారు.

ఆయనకు సరే కావచ్చు, పెద్ద మనసు. నాకు కాలేదు. ఛార్జిషీటుకి జవాబు ఇవ్వడానికి ఇంకా వారం గడువుంది. క్షమాపణ రాసిస్తే వదిలేస్తామని కబురు పంపారు. నేను చూసింది చూసినట్టే మళ్లీ రాస్తాను.