రైలు గేటు దగ్గర ఆగిన కారు

నా చిన్నప్పుడు నాచారంలో మా వాడంతటికీ కారున్న ఇల్లు మాదొక్కటే అని చెబితే, మా మనవరాలు నన్ను జమీందారు బిడ్డననుకుంది. జమీందారూ లేదు, పాడూ లేదు. మాది రేకుల ఇల్లు. మా నాయన అప్పట్లో కొత్తగా వచ్చిన ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ కారేమో ఎందరో దొరల చేతులు మారి, సీట్లు చిరిగి, ఇక ఎవరికీ పనికిరాదనుకున్నాక మా వాకిట్లోకి వచ్చింది. వానొస్తే లోపల కూర్చున్నా గొడుగు పట్టుకోవలసిందే. అయినా ఆ కారంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం.

అసలు కారెందుకు వచ్చిందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నా తర్వాత మా అమ్మకు ఒక మగబిడ్డ. నొప్పులు మొదలయ్యాక బస్సు ఎంతకీ రాక, చివరికి ఎవరినో బతిమాలి ఎడ్లబండి కట్టించుకుని సికింద్రాబాద్ దవాఖానాకు బయలుదేరితే, తార్నాక చేరకముందే బండిలోనే కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. ఆ తర్వాత చాలాకాలం వీధిలో ఎడ్లబండి చప్పుడైతే మా అమ్మ చేస్తున్న పని వదిలేసి లోపలికి వెళ్ళిపోయేది. మళ్ళీ కడుపుతో ఉందని తెలిసిన కొద్దిరోజులకే మా నాయన ఈ కారు తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. ఎందుకు తెచ్చావని ఇంట్లో ఎవరూ అడగలేదు.

మా పక్కింట్లో ఒక నర్సమ్మ ఉండేది. అందరం సిస్టరమ్మ అనేవాళ్ళం. నెలలు నిండుతుండగా ఆమె అమ్మ కడుపు తడిమి చూసి, బిడ్డ అడ్డంగా ఉంది, ఈ కాన్పు ఇంట్లో అయ్యేది కాదు, నొప్పి తెలియగానే దవాఖానాకు చేరకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు అని మా నాయనతో ఖచ్చితంగా చెప్పింది. ఆ మాట నేను తలుపు చాటున విన్నాను. వినకుండా ఉంటే బాగుండేది.

మా తాత, అంటే మా నాయన తండ్రి, రైల్వేలో బోగీలకు రంగులేసి రిటైరైన మనిషి. కారు వచ్చిన దగ్గర్నుంచీ ఆయన చేతులు ఊరుకోలేదు. క్రిస్మస్ ముందు అందరి ఇళ్ళకూ సున్నాలు వేస్తుంటే ఆయన కారుకు రంగు పట్టించాడు. పైపైన పూసి వదిలే రకం కాదు. పుట్టబోయే పిల్ల ఎక్కాల్సిన బండి అని, తుప్పంతా గీకి, బానెట్ లోపల కూడా ఊడదీయగలిగినవన్నీ ఊడదీసి, సందుసందునా ముదురాకుపచ్చ రంగు ఒక పూత వేసి, అది ఆరాక మళ్ళీ వేసి, తీసినవన్నీ తీసినచోటే బిగించాడు. వాడంతా వచ్చి చూసింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, బానెట్ ఎత్తించుకుని మరీ మెచ్చుకున్నాడు. మా తాత ఆ రోజంతా మీసం సవరించుకుంటూనే ఉన్నాడు.

కొత్త సంవత్సరం వచ్చాక కారుకు రోగం మొదలైంది. రోడ్డు మీద పరుగెత్తుతుంటే పరవాలేదు. ఎక్కడైనా ఆపి ఇంజను ఉంచితే మాత్రం జ్వరమొచ్చిన మనిషిలా వణికేది, దగ్గేది, చప్పున ఆగిపోయేది. యాక్సిలేటర్ మీద కాలున్నంతసేపే దాని ఊపిరి. దానికితోడు బ్యాటరీ నిలిచేది కాదు. ఉప్పల్ తీసుకెళ్ళి చార్జి పెట్టించి తెస్తే కొద్దిరోజులకే మళ్ళీ చచ్చిపోయేది.

మా నాయన చేయని ప్రయత్నం లేదు. ప్లగ్గులు మార్చాడు. కార్బురేటర్ విప్పి పెట్రోలుతో కడిగాడు. బ్యాటరీకి కరెంటు పుట్టించే డైనమో చెడిందని ఉప్పల్ మెకానిక్ అంటే, దాన్ని విప్పి ఇచ్చి బాగుచేయించాడు. అదే మెకానిక్ తర్వాత బెల్టు అన్నాడు, కాయిల్ అన్నాడు. ఒకటి మార్చిన రోజు కారు బుద్ధిగా ఉండేది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ మొదటికొచ్చేది. ఎవరు వచ్చినా బానెట్ ఎత్తడం, ఏం రంగేసినవ్ పెద్దాయనా అని మా తాతను మెచ్చుకోవడం, ఆ తర్వాత ఇంకేదో విప్పడం.

ఫ్యాక్టరీ నుంచి రాగానే మా నాయన అన్నం ముట్టకుండా కారు దగ్గర కూర్చునేవాడు. మనిషి సగమైపోయాడు. ఒక సాయంత్రం నేను మంచినీళ్ళు తీసుకెళితే, నా వైపు చూడకుండా, "కొన్నది నేనే. రేపు మీ అమ్మను సంపేటోన్ని గూడ నేనే అయితనేమో బిడ్డా" అన్నాడు. చెంబు అక్కడే పెట్టి ఇంట్లోకి పరుగెత్తాను. అమ్మ బియ్యం ఏరుతూ ఉంది. నేనూ పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాను.

అనుకున్న రోజుకు ముందే నొప్పులు వచ్చాయి. పొద్దున్నే, మేమింకా చాయ్ తాగుతుండగా. అదృష్టం, ఆ ముందురోజే బ్యాటరీ చార్జి చేయించి తెచ్చారు. అయినా లోపల నొక్కితే ఇంజనును లేపాల్సిన సెల్ఫ్ పనిచేయలేదు. మా నాయన ముందు హ్యాండిల్ పెట్టి తిప్పీ తిప్పీ చివరికి ఇంజను లేపాడు. అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని సిస్టరమ్మ కూర్చుంది. ముందు మా నాయన, మా తాత, మధ్యలో నేను. నన్నెందుకు తీసుకెళ్ళారంటే నాకొక పనుంది. చలికి ఇంజను ఆగకుండా చోక్ లాగి పట్టుకోవాలి. దాని బొడిపె ఎప్పుడో ఊడిపోయింది. ఇనుపతీగ కొసను వేళ్ళతో పట్టుకుని కూర్చోవాలి. చిన్న వేళ్ళు కదా, ఆ సందులో నావే పట్టేవి.

ఎక్కడా ఆగకూడదని మా నాయన దారి పొడుగునా హారన్ కొడుతూనే ఉన్నాడు. కానీ రైలు గేటు పడింది. ఆ గేటు అప్పట్లో పడిందంటే ఎప్పుడు లేస్తుందో దేవుడికే తెలియాలి. మౌలాలి వైపు నుంచి ఒక గూడ్సు బండి తాపీగా వచ్చి, సరిగ్గా రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయింది. మా నాయన యాక్సిలేటర్ తొక్కి పట్టాడు. ఇంజను వణికింది, దగ్గింది. నేను తీగను గట్టిగా లాగి పట్టుకుని యేసయ్యా యేసయ్యా అనుకుంటున్నాను. ఆగిపోయింది.

మా నాయన దిగి హ్యాండిల్ తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. అరచేతుల్లో తోలు లేచిపోయింది. ఇంజను ఒక్కసారి కూడా అందుకోలేదు. గేటు మనిషి దగ్గరికి పోయి చేతులు జోడించాడు. పాపం అతను మాత్రం ఏం చేస్తాడు, రైలును ఎత్తి పక్కన పెడతాడా. వెనక అమ్మ మూలుగు అరుపయింది. సిస్టరమ్మ ముఖం చూస్తే నాకు ఆశ పోయింది. నీళ్ళు పోతున్నాయి, ఇక ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఏం లేదు అని ఆమె మా నాయనతో మెల్లగా అంది. మా వెనకే ఒక ఎడ్లబండి ఆగి ఉంది. బండాయన మంచి మనసుతో దగ్గరికొచ్చి, రైలు కదలంగనే నా బండ్లకు మార్చుండ్రి, ఎట్లనన్న తోలుకపోత అన్నాడు. అమ్మ అంత నొప్పిలోనూ లేచి కూర్చుంది.

"బండి వద్దు. సస్తే ఈడనే సస్త, నన్ను బండెక్కియ్యకుండ్రి" అని మా నాయన చొక్కా పట్టుకుంది.

ఆయన మెల్లగా ఆమె చెయ్యి విడిపించుకున్నాడు. డ్రైవరు సీట్లో కూలబడి, చేసేదేమీ లేక, పనిచేయదని తెలిసిన ఆ సెల్ఫ్‌నే నొక్కాడు. టక్కుమంది, అంతే. మళ్ళీ నొక్కి, అలాగే నొక్కిపట్టాడు. చోక్ తీగ పట్టుకున్న నా వేళ్ళు భగ్గుమన్నాయి. కెవ్వున అరిచి చెయ్యి లాక్కున్నాను. మా నాయన నన్ను కసిరాడు. ఆయన కసరడం నేనెరగను, ఏడుపొచ్చింది. మా తాత మాత్రం నా చెయ్యి తీసుకుని చూశాడు. వేళ్ళ మీద ఎర్రగా గీత పడి ఉంది.

"ఎప్పుడు కాలింది బిడ్డా? ఇంజన్ నడుస్తున్నప్పుడా, గిప్పుడు నాయిన నొక్కినప్పుడా?" అని అడిగాడు.

ఇప్పుడే అన్నాను. ఆయన ఆ తీగను తన వేళ్ళతో ముట్టుకుని, ఇంకోసారి నొక్కమని కొడుకుతో చెప్పాడు. నొక్కగానే ఆయనా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు మా తాత ముఖంలో రక్తం లేదు. ఆ తర్వాత కిందికి దిగి, బానెట్ ఎత్తి, నడుముకు దోపుకున్న చాకు తీశాడు.

ఆయనకు ఏం తట్టిందో నాకు తర్వాత అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. బ్యాటరీ కరెంటు తీగలగుండా ఇంజనుకు వెళ్ళి, తిరిగి కారు ఇనుములోంచి బ్యాటరీకి చేరాలట. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి, దాన్ని కారు ఇనుముతో కలపడానికి జడలా అల్లిన ఒక రాగి పట్టీ ఉంటుంది. దాన్ని ఎర్త్ అంటారు. మా తాత రంగు వేసేటప్పుడు ఆ పట్టీ ఊడదీశాడు. అది కూర్చునే చోటుకు కూడా శుభ్రంగా రెండు పూతలు వేశాడు. రంగు మీదే పట్టీ పెట్టి బిగించాడు. రంగులోంచి కరెంటు పోదు. బోల్టు మరల్లోంచి కొన్నాళ్ళు ఎలాగో పోయింది. కుదుపులకు అదీ వదులయ్యాక దారి మూసుకుపోయింది. ఎవరైనా ఏదైనా విప్పి బిగిస్తే ఆ కదలికకు ఒకరోజు తగిలేది, మళ్ళీ పోయేది. వేరే దారి లేక కరెంటంతా, ఇంజను నుంచి కారులోకి వచ్చే ఆ బక్క చోక్ తీగలోంచి పాపం తిరిగొస్తూ దాన్ని కాల్చింది.

రైల్వేలో ఆయన చేసింది ఇదే పని. దీపాలూ తీగలూ చూసేవాళ్ళు మొత్తుకునేవారట, ఎర్త్ బోల్టు కింద రూపాయి బిళ్ళంత జాగా రంగు లేకుండా వదలమని. ఆయన జీవితమంతా వదిలాడు. సర్కారు బోగీలకు వదిలినవాడు సొంత కోడలి బండికి వదల్లేదు. ఒక్క మచ్చ కూడా కనిపించకూడదనుకున్నాడు.

గేటు దగ్గర మాత్రం ఇదంతా చెప్పే వ్యవధి లేదు. కారులో ఉన్న పానాతో బోల్టు విప్పి, ఆ నిగనిగలాడే ఆకుపచ్చను చాకుతో గీకడం మొదలుపెట్టాడు. మా నాయన పక్కన నిలబడి చూస్తున్నాడు. అమ్మ అరుస్తోంది. ఎన్నాళ్ళో ముచ్చటపడి వేసిన రంగు పెచ్చులుపెచ్చులుగా ఊడి ఇంజను మీద పడుతోంది. అడుగున తెల్లగా ఇనుము మెరిసేదాకా గీకి, పట్టీని ఇటూ అటూ తుడిచి, బలమంతా పెట్టి బిగించాడు.

"నొక్కు" అన్నాడు.

ఒక్క నొక్కుకే ఇంజను లేచింది. వణుకు లేదు, దగ్గు లేదు. చార్జి చూపించే ముల్లు ఎన్నాళ్ళ తర్వాతో లేచి పక్కకు జరిగింది. మా నాయన స్టీరింగు మీద తల పెట్టి భోరున ఏడ్చాడు. అప్పటికింకా గేటు లేవలేదు. లేచేదాకా ఇంజను అలాగే ఆడుతూ నిలబడింది.

దవాఖానాలో ఆపరేషన్ చేసి తీశారు. తమ్ముడు నల్లగా కమిలిపోయి, చాలాసేపు ఏడవకుండా ఉండి, అప్పుడు ఏడ్చాడు. ఇంకాస్త ఆగి వస్తే మీరు ఒట్టి చేతులతో పోయేవాళ్ళని డాక్టరమ్మ మా నాయనను కోప్పడింది. ఆయన తల వంచుకుని విన్నాడు తప్ప, ఆలస్యానికి ఫలానా కారణమని చెప్పలేదు. ఎవరడిగినా, ఏదో తీగ లూజయిందని అనేవాడు. తండ్రి పేరు రాకుండా చూసుకున్నాడు.

అమ్మ ఇంటికొచ్చాక మా ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన పెట్టుకున్నాం. వాకిలి నిండా జనం. మా నాయన లేచి, దేవుడే గేటు దగ్గర కారు కదిలించాడని సాక్ష్యం చెప్పాడు. అందరూ స్తోత్రం స్తోత్రం అంటుండగా మా తాత లేచాడు. ప్రార్థన కూటాల్లో ఏనాడూ నోరు తెరవని మనిషి.

"కదిలిచ్చింది దేవుడే గావచ్చు. ఆపింది మాత్రం నా రంగు. ఎర్త్ కింద జాగ ఇడవకుండ రంగేసిన. ఇన్ని దినాలు నా కొడుకు అన్నీ ఇప్పి సూసిండు, నేనేసిన రంగుదిక్కు సూడలే. నేను గూడ సూడలే. బండి బాగున్ననాటికెళ్ళి దానిమీద ముందుగాల పడ్డ చెయ్యి నాదేనని నాకు యాదికి రావాలె గద. రాలే" అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "అమ్మా, నీ పానం మీదికి తెచ్చిన" అన్నాడు.

మా నాయన వద్దన్నట్టు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. అమ్మ మా తాత వైపు చూసి, ఒళ్ళో పిల్లవాణ్ణి ముందుకు చాపింది. "చెప్పినవ్ గద మామా. ఇగ వీన్ని జర పట్టు, నాకు చేతులు గుంజుతున్నయి" అంది.

మా తాత అప్పటిదాకా మనవణ్ణి ఎత్తుకోలేదని నాకు అప్పుడే తెలిసింది. దవాఖానాలోనూ వరండాలోనే నిలబడ్డాడు. అందరి మధ్యా తమ్ముణ్ణి ఎత్తుకుని, కూర్చోవడం కూడా మరచి, ప్రార్థన అయ్యేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.

నాకిప్పుడు ఆయన వయసు దాటిపోయింది. నోరు కాస్త పెద్దదని మా కోడళ్ళు అనుకుంటారు, అనుకోనీ. కానీ ఇంట్లో ఏది చెడినా, మిక్సీ అయినా, మనుషుల మధ్య మాట అయినా, ఎవరినో అడిగేముందు అది బాగున్నప్పటి నుంచీ దానిమీద నా చెయ్యి ఎక్కడ పడిందో వెతుక్కుంటాను. అశ్రద్ధగా చేసిన పనుల్ని ఎవరైనా పట్టేస్తారు. ప్రాణం పెట్టి చేసినవాటి వైపు ఎవరూ చూడరు, చూసినా మెచ్చుకుని వెళ్ళిపోతారు. అందుకే పిల్లల విషయంలో, ప్రేమతోనే కదా చేశాను అన్న మాట నా నోటిదాకా వచ్చినప్పుడల్లా, ఆ మాట మింగేసి, చేసిందేమిటో ఇంకోసారి చూసుకుంటాను.